ఆ 39 శాతం మన ఇళ్లలోంచి వచ్చింది



ముందు నా తప్పు ఒప్పుకుంటా. పోయిన మార్చి 24న, ప్రపంచ టీబీ దినం రోజు, నేనొక పోస్టర్ చేసి మన గ్రూపుల్లో వదిలా. ఎర్ర రంగులో పెద్ద అక్షరాలు: తిండి పెడితే టీబీ చావులు 61 శాతం తగ్గుతాయి, జార్ఖండ్ పరిశోధనలో తేలింది. బాగా తిరిగింది. పక్క జిల్లా వాళ్లు కూడా వాళ్ల సంఘం పేరు కింద వేసుకుని పంచుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది.

రెండ్రోజుల తర్వాత ఏజెన్సీలో పనిచేసే ఒక డాక్టరు ఫోన్ చేశాడు. మనోడే, మన ఆశ్రమ పాఠశాలలో చదువుకునే అంత దూరం వెళ్లినవాడు. "తమ్ముడూ, ఆ 61 ఎక్కడిదో చదివే పెట్టావా, వాట్సాప్‌లో వచ్చింది చూసి పెట్టావా?" అన్నాడు. నిజం చెప్పా, వాట్సాప్ అన్నా అని. "పేపరు పంపిస్తా, చదువు. చదివాక నువ్వే పోస్టర్ తీసేస్తావు" అన్నాడు.

చదవడానికి రెండు రాత్రులు పట్టింది. డిగ్రీలో బీఎస్సీ అని రాసుకుంటాం గానీ, ఒక పరిశోధన పత్రం ఎలా చదవాలో మూడేళ్లలో ఏ సారూ చెప్పలేదు. చదివాక తెలిసింది, పోస్టర్ తప్పు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి తెలిసింది. అదే అధ్యయనంలో నిజంగా గట్టిగా నిలబడే అంకె ఒకటి ఉంది. అది మనోళ్ల ఇళ్లలోంచే వచ్చింది, మనకు రావాల్సిన హక్కు ఒకటి దాని వెనకాల ఉంది. నేను దాన్ని వదిలేసి తప్పు అంకె పట్టుకుని ఊరేగా.

ఆ లెక్కలోకి వెళ్లే ముందు మా మామ సంగతి చెప్పాలి.

మా మామకి, అంటే మా అమ్మ తమ్ముడికి, టీబీ వచ్చింది. కఫం పరీక్ష చేశారు, పాజిటివ్ అన్నారు, ఆర్నెల్ల మందులు మొదలుపెట్టారు. మందులు ఉచితమే, ఆశా అక్క ఇంటికే తెచ్చి ఇచ్చేది. కానీ పొద్దున్నే ఖాళీ కడుపుతో అన్ని బిళ్లలు మింగితే వాంతులు. జావ కూడా ఉండని రోజులు ఉన్నాయి. రెండో నెలలో కాస్త తేరుకున్నట్టు అనిపించగానే మందులు పక్కన పెట్టి మిర్చి ఏరడానికి పోయాడు. కూలి లేకపోతే ఇల్లు గడవదు గదా. మళ్లీ దగ్గు, మళ్లీ మొదటి నుంచి మందులు. మొత్తానికి బతికాడు. రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా "చికిత్స పూర్తి" అని రాశారు. ఆ రిజిస్టర్ ప్రకారం అది విజయం.

సంవత్సరం తిరక్కుండానే ఆయన రెండో కూతురికి టీబీ తేలింది. పదహారేళ్ల పిల్ల. ఆ పిల్ల పేరు ఇంకో పేజీలో, కొత్త కేసుగా ఎక్కింది. మామ వరసలో ఉన్న "పూర్తి" అలాగే ఉంది. ఆ పుస్తకంలో ఫలితం అని ఒక గడి ఉంటుంది: నయమైంది, పూర్తయింది, మధ్యలో మానేశాడు, చనిపోయాడు. "ఇంట్లో ఇంకెవరికైనా అంటిందా" అనేది ఆ గడిలో ఉండదు. ఫలితం అంటే ఏంటో ముందే ఎవరో తేల్చేశారు. మన ఇంట్లో జరిగింది ఆ గడిలో పట్టలేదు.

వైద్యంలో ఒక మందు మంచిదా కాదా అని ఎలా తెలుస్తుంది? తాగినవాడు బాగయ్యాడు కాబట్టి మంచిది అంటే కుదరదు. కొంతమంది తాగకపోయినా బాగవుతారు. పోల్చాలి. ఒకేలాంటి మనుషుల్ని రెండు వైపులా పెట్టి, ఒక వైపు ఇచ్చి, ఇంకో వైపు ఇవ్వకుండా, లేదా పాత మందు ఇచ్చి, తర్వాత లెక్కపెట్టాలి. చెప్పడానికి తేలికే. అసలు చిక్కంతా ఆ "ఒకేలాంటి" అన్న మాటలో ఉంది.

టీబీకే దీని చరిత్ర కూడా ముడిపడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు కొంచెమే దొరికేది. అందరికీ చాలదు. ఎవరికి ఇవ్వాలో డాక్టర్లకే వదిలేస్తే ఏమవుతుంది? కాస్త గట్టిగా ఉన్నవాళ్లని ఎంచుకుంటే, ఎలాగూ బతికేవాళ్లు బతికి మందుకి పేరొస్తుంది. చావుకి దగ్గరైనవాళ్లకే ఇస్తే మందు దండగ అంటారు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త ఈ ఎంపికని డాక్టర్ల చేతుల్లోంచి తీసేశాడు. ఎటు పడాలో చీటీ వేసినట్టు అంకెలతో తేల్చి, కవర్లలో మూసి పెట్టారు. మొత్తం 107 మంది. 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆర్నెల్లకి మందు వైపు 4 చావులు, ఇంకో వైపు 14. ఇది 1948లో అచ్చయింది. ఇవాళ ప్రపంచంలో మందుల్ని పోల్చే పద్ధతికి ఇదే పెద్ద మైలురాయి అంటారు.

కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. అదే మనుషుల్ని ఐదేళ్లు చూశారు. అప్పటికి మందు వైపు 32 మంది, ఇంకో వైపు 35 మంది చనిపోయి ఉన్నారు. క్రిమి ఆ ఒక్క మందుకి మొండికేసింది. అందుకే తర్వాత రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చింది. ఆరో నెలలో లెక్కపెడితే ఒక జవాబు, ఐదో ఏట లెక్కపెడితే ఇంకో జవాబు. మామ రిజిస్టర్ సంగతి మళ్లీ గుర్తొచ్చింది నాకు.

ఇంక మన దేశానికి వద్దాం. 1956లో మద్రాసులో టీబీ చికిత్స మీద ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పట్లో టీబీ అంటే శానటోరియం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి చోట్ల నెలల తరబడి మంచం, మంచి గాలి, పాలు, గుడ్లు. కానీ దేశంలో ఉన్న రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. కాబట్టి మద్రాసులో ఒక సూటి ప్రశ్న అడిగారు: పేదవాణ్ణి వాడి ఇంట్లోనే ఉంచి మందులిస్తే సరిపోతుందా? 193 మందిని చీటీతో రెండు వైపులా పంచారు. ఒక వైపు శానటోరియం, మంచి తిండి. ఇంకో వైపు మద్రాసు మురికివాడల్లోని సొంత ఇల్లు, ఆ ఇంట్లో ఉన్న తిండే. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఏడాది తర్వాత ఫలితం రెండు వైపులా దాదాపు సమానం. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబానికి ఎక్కువగా అంటిందని కూడా తేలలేదు.

ఇది గొప్ప ఫలితం. ఇవాళ మన గూడేల్లో ఆశా అక్క ఇంటికి మందులు తెస్తోందంటే దాని వేరు అక్కడుంది. లేకపోతే మామ లాంటి వాళ్లు మంచం కోసం వరసలో నిలబడే చచ్చిపోయేవాళ్లు. ఆ పరిశోధనని నేను తక్కువ చెయ్యను.

అయితే ఆ ఫలితం నుంచి ఇంకో మాట మెల్లగా మొలిచింది: "మందు సరిగ్గా మింగితే చాలు, తిండి పెద్ద విషయం కాదు". మద్రాసు వాళ్లు అడిగిన ప్రశ్న రోగి ఎక్కడ పడుకోవాలి అని. కార్యక్రమాలు నడిపినవాళ్లు దాన్ని తిండి గురించిన తీర్పుగా వాడుకున్నారు. దశాబ్దాల పాటు టీబీ కార్యక్రమం అంటే బిళ్లలు, కఫం, రిజిస్టర్. ఆకలి డాక్టరు పని కాదు, ఇంకో శాఖ పని. ఆకలితో ఉన్న ఇంట్లో పక్కవాడికి టీబీ ఎందుకు వస్తోంది అని మద్రాసులో ఎవరూ పోల్చి చూడలేదు, వాళ్ల ప్రశ్న అది కాదు కాబట్టి. పోలిక అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. అడగని ప్రశ్నకి కూడా జవాబు అందులోనే ఉందని ఎవరైనా అంటే, ఒకసారి ఆగి చూసుకోవాలి.

ఆ అడగని ప్రశ్నని అడిగింది జార్ఖండ్‌లో. 2019 ఆగస్టులో మొదలై 2022 జూలై దాకా నడిచింది. రేషన్స్ అని పేరు. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ నడిపించారు. అప్పటి మద్రాసు కేంద్రమే ఇప్పుడు చెన్నైలో జాతీయ సంస్థ అయింది, అది కూడా ఇందులో భాగస్వామి. తూర్పు సింగ్‌భూమ్, పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా ఖర్సావాన్, రాంచీ. ఈ నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది కుటుంబ సభ్యులు. ఆ కుటుంబ సభ్యుల్లో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఆదివాసీలే: సంతాల్, హో, ముండా, ఒరావ్, భూమిజ్. మూడింట ఒక వంతు మందికి ఉండాల్సిన బరువు లేదు.

రోగులందరికీ నెలకి పది కిలోల మూట ఇచ్చారు: బియ్యం, పప్పులు, పాలపొడి, నూనె. దాంతోపాటు విటమిన్ బిళ్లలు. రెండు వైపులా, అందరికీ. తేడా పెట్టింది కుటుంబ సభ్యుల దగ్గర. ఒక వైపు ఇళ్లలో పెద్దవాళ్లకి తలా నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్లలు. పిల్లలకి అందులో సగం. ఇంకో వైపు ఇళ్లలో కుటుంబానికి మామూలుగా తినేదే. చీటీ ఇంటింటికీ వెయ్యలేదు, 28 టీబీ యూనిట్లకి వేశారు, 14 ఇటు, 14 అటు. మన గూడెంలో అయినా అంతే చెయ్యాలి. పక్కింట్లో పొయ్యి వెలక్కపోతే, నాకు వచ్చిన బియ్యంలో గిన్నెడు వాళ్లకి పోతుంది. అప్పుడు రెండు వైపులా ఒకటే అయిపోయి లెక్క తేలదు.

తర్వాత అందర్నీ గమనిస్తూ పోయారు. తిండి ఇవ్వని వైపు 4,724 మందిలో 122 మందికి టీబీ వచ్చింది. ఇచ్చిన వైపు 5,621 మందిలో 96 మందికి. అంటే వందకి 2.6, వందకి 1.7. ఎవర్ని ఎంత కాలం చూశారు, రెండు వైపుల మధ్య ముందు నుంచీ ఉన్న తేడాలేంటి అన్నవి సర్ది లెక్క కడితే టీబీ 39 శాతం తగ్గింది. కఫంలో క్రిమి కనపడి ఇతరులకి అంటించే ఊపిరితిత్తుల టీబీ 48 శాతం తగ్గింది. కొత్త మందు కాదు, కొత్త టీకా కాదు. బియ్యం, పప్పు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రోగికి ఇచ్చిన పది కిలోల మూటని రోగి ఒక్కడే తిన్నాడని ఎవరైనా అనుకుంటే వాళ్లు మన ఇళ్లు చూడనట్టే. పిల్లల కంచంలోకి కొంత పోయే ఉంటుంది. దానికి తోడు 2020 ఏప్రిల్ నుంచి కరోనా ఉచిత బియ్యం దేశమంతా ఇచ్చారు, రెండు వైపులా వచ్చే ఉంటాయి. అంటే "తిండి ఇవ్వని వైపు" కూడా పూర్తిగా ఇవ్వని వైపు కాదు. అయినా ఇంత తేడా కనపడింది. నా మట్టుకు ఆ అంకెలో ఇదే అన్నిటికంటే గట్టి విషయం.

మరి 61 ఎక్కడిది? అదే అధ్యయనం మీద వచ్చిన రెండో పత్రంలోది. అది రోగుల గురించి. ఐదుగురిలో నలుగురికి పైగా ఉండాల్సిన బరువు లేదు. సగం మందికి దగ్గరగా మరీ తీవ్రంగా చిక్కిపోయి ఉన్నారు. వాళ్లందరికీ తిండి పెట్టారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ప్రమాదం 61 శాతం తక్కువ కనపడింది. ఇదీ అసలు మాట. నేను దాన్ని "తిండి పెడితే చావులు 61 శాతం తగ్గుతాయి" అని రాసేశా. తేడా చిన్నగా కనపడుతుంది గానీ చిన్నది కాదు. ఇక్కడ అందరికీ తిండి అందింది. తిండి లేని వైపు అంటూ లేదు. పోల్చింది బరువు పెరిగినవాళ్లనీ పెరగనివాళ్లనీ. మందు పట్టినవాడికి ఆకలి పుడుతుంది, తింటాడు, బరువెక్కుతాడు. లోపల జబ్బు ముదిరినవాడికి ముద్ద గొంతు దిగదు. కాబట్టి బరువు పెరగడం కొంత బతికే గుర్తు కూడా అయ్యుండొచ్చు. ఇప్పపువ్వు రాలుతోందంటే ఎండలు ముదిరాయని అర్థం, పువ్వు రాలడం వల్ల ఎండ వచ్చిందని మనం అనం గదా.

అంటే రోగికి తిండి అక్కర్లేదా? అస్సలు కాదు. నలభై కిలోల మనిషికి తిండి పెట్టాలా వద్దా అని చీటీ వేసి తేల్చడం తప్పు, అందుకే వాళ్లు అందరికీ పెట్టారు. సరైన పని చేశారు. నేను చెప్పేది అంకె గురించి. 61 అని పోస్టర్ వేసి కలెక్టరాఫీసుకి పోతే, పేపరు చదివిన అధికారి ఒక్కడు చాలు, "మీ లెక్కే తప్పు, మీ డిమాండ్ ఏంటి" అని పంపించేస్తాడు. 39 అని పోతే పంపించలేడు. అది చీటీ వేసి, పోల్చి, లెక్కపెట్టిన అంకె. మనం బలహీనమైన అంకెని పెద్దదిగా ఉందని ఎత్తుకున్నాం. గట్టి అంకె పక్కనే ఉంది. ఇంకో మాట, తిండి మందుకి బదులు కాదు. దయచేసి ఈ వ్యాసం చూపించి ఎవరూ బిళ్లలు మానకండి.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వస్తా. ఆ 4,724 మంది. వాళ్ల ఇంటికి రోగి మూట వచ్చింది, వాళ్లకి రాలేదు. ఆకలి ఉందని తెలిసీ ఒక వైపు ఇవ్వకుండా చూడటం న్యాయమా? మా యువజన కమిటీలో దీని మీద గంటన్నర గొడవ పడ్డాం. ఒక చెల్లి అన్నది, "మనోళ్లనే మళ్లీ చూస్తూ కూర్చున్నారు" అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నేను ఒప్పుకోలేదు. ఆ రోజుకి ఈ దేశంలో టీబీ రోగి కుటుంబానికి తిండి ఇవ్వడం అనే పద్ధతే లేదు. వాళ్ల దగ్గర ఉన్నదేదీ లాక్కోలేదు. రెండు వైపులా టీబీ కోసం వెతికారు, తేలినవాళ్లకి వైద్యం ఉంది. పోల్చకుండా పది వేల మందికి పంచి ఉంటే, "అబ్బే, పంచినా పంచకపోయినా తేడా లేదు" అనేవాళ్ల నోరు మూయించేది ఏదీ ఉండేది కాదు. పోలిక అవసరమే. అయితే ఆ అవసరానికి ఒక షరతు ఉంది. జవాబు తెలిసిన మర్నాటి నుంచి "తెలియదు కాబట్టి ఇవ్వలేదు" అనే సాకు పోతుంది. 2023 ఆగస్టు దాకా ఇవ్వకపోవడం ప్రశ్న. ఆ తర్వాత ఇవ్వకపోవడం బాకీ.

పరిశోధన అంటేనే మనోళ్లకి ఎందుకు ఒళ్లు మండుతుందో కూడా చెప్పాలి. భద్రాచలం వైపు పెద్దవాళ్లు మర్చిపోలేదు. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు, చాలామంది హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. మన రాష్ట్రంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకి టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని విచారణ కమిటీ చెప్పింది. నేను టీకాకి వ్యతిరేకిని కాదు, ఆ టీకా క్యాన్సర్‌ని ఆపుతుందని ప్రపంచమంతా తేలింది, మన ఆడపిల్లలకి అందాలి కూడా. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పిల్ల ఒంటికి సూది, తల్లికి కబురు లేదు. టీకా తర్వాత పిల్లలకి ఏమైందో ఎప్పటికప్పుడు నమోదు చేసే ఏర్పాటు సరిగ్గా లేదని కూడా ఆ సంఘం తప్పుబట్టింది. ఫలితాన్ని లెక్కపెట్టే ఏర్పాటే లేకపోతే, "సంబంధం లేదు" అని ఎంత నిజాయితీగా చెప్పినా తల్లి ఎలా నమ్ముతుంది?

జార్ఖండ్‌నీ ఖమ్మాన్నీ నేను ఒకే గాటన కట్టను. ఒక చోట ప్రశ్న మన ఆకలి గురించి, లెక్క పారదర్శకంగా ఉంది. ఇంకో చోట సంతకం కూడా మనది కాదు. అన్ని పరిశోధనలూ మోసమే అనే మన పాత నినాదం ఇక్కడ పనికిరాదు. ఎవరైనా గూడేనికి వచ్చి రక్తం తీసుకుంటామంటే తరిమెయ్యడం తేలిక. ఎవర్ని ఎవరితో పోలుస్తారు, ఏది ఫలితంగా లెక్కపెడతారు, ఎన్నాళ్లు చూస్తారు, తేలింది మాకెప్పుడు మా భాషలో చెబుతారు అని గ్రామసభలో కూర్చోబెట్టి అడగడం కష్టం. ఆ కష్టం మనం నేర్చుకోవాలి. కోయలో, గోండిలో "కంట్రోల్ గ్రూపు" అన్నదాన్ని ఎలా చెప్పాలో మా కమిటీలో ఇంకా తేల్చుకోలేదు. ఇద్దరు పెద్దలు రెండు మాటలు చెప్పారు, రెండూ బాగున్నాయి.

ప్రభుత్వం ఏం చేస్తోంది? రోగికి పోషణ కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకి 500 రూపాయలు ఖాతాలో వేస్తామన్నారు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. రోజుకి 33 రూపాయలు. పెంచినందుకు మంచిదే. గిరిజన ప్రాంతాల్లో రోగికి దారి ఖర్చుల కింద ఒక్కసారి 750. కానీ ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే డబ్బు పడదు. పడినా బ్యాంకుకి పోయి రావడానికి ఒక రోజు కూలి, ఆటో చార్జీ. ఇంకో సంగతి, ఇదంతా రోగికి. జార్ఖండ్‌లో 39 శాతం తగ్గింది కుటుంబానికి పెట్టినందుకు. కుటుంబానికి ఇప్పుడున్నది నిక్షయ్ మిత్ర. అంటే దాతలు. ఎవరైనా కంపెనీయో, నాయకుడో, ఉద్యోగో దత్తత తీసుకుని మూట ఇస్తే వస్తుంది. 2024 చివర్లో కుటుంబ సభ్యుల్ని కూడా అందులో చేర్చారు. చేర్చడం సరైనదే. కానీ మూట పట్టుకుని రోగిని పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకునే పద్ధతి మీరంతా చూసే ఉంటారు. జబ్బు దాచుకోవాలనుకునే ఆడపిల్ల ఫోటో ఊరంతా తిరుగుతుంది. దాత ఒక నెల మర్చిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. బిళ్లల్ని దాతల మీద వదిలేశారా? రిఫాంపిసిన్ కోసం ఎవరైనా దత్తత తీసుకోవాలా? అది ప్రభుత్వ బాధ్యత అని ఒప్పుకున్నారు. బియ్యం పప్పు కూడా టీబీని ఆపుతుందని పోల్చి తేల్చాక, అది మాత్రం దానం ఎందుకయింది?

దారి కొత్తగా వెయ్యక్కర్లేదు. ఏజెన్సీలో జీసీసీ డిపో ఉంది, తూకం ఉంది, కార్డు ఉంది. టీబీ తేలిన రోజే ఆ ఇంటి కార్డు మీద ఆర్నెల్ల పాటు మనిషికి అదనంగా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఎక్కించొచ్చు. అధికారులు రెండు మాటలు అంటారు. ఒకటి, జార్ఖండ్ వేరు, ఇక్కడ వేరు. అది న్యాయమైన ప్రశ్నే, అక్కడ ఆకలి ఎంతుందో ఆ ఫలితం దాని మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి మన దగ్గర కూడా టీబీ వచ్చిన ఇళ్లలో అందరి బరువూ ఎత్తూ కొలవండి, కొలిచి మాట్లాడండి. ఏఎన్‌ఎం దగ్గర తూకం మిషన్ ఉంది. రెండోది, ఒక్కరికి టీబీ తప్పించడానికి ముప్పై ఇళ్లకి తిండి పెట్టాలా అని. అవును, ఆ అధ్యయనం లెక్క కూడా అదే, 30 ఇళ్లు, 111 మంది. కానీ మిగతా ఇళ్లలో ఆ తిండి ఏమైంది? తిన్నారు. పనిచెయ్యని బిళ్ల ఒంట్లోంచి వృథాగా పోతుంది. పప్పు అలా పోదు.

ఈ సంగతంతా పోయిన వారం మా అత్తకి, మామ భార్యకి, చెప్పా. విస్తరాకులు కుడుతూ విన్నది. "అల్లుడా, ఇంట్లో ఒకడికి జబ్బయితే మిగతావాళ్లకి గంజైనా బాగా పట్టాలని మా అవ్వ అనేది. దానికి పదివేల మందిని లెక్కపెట్టాలా?" అన్నది. లెక్కపెట్టాలి అత్తా, నువ్వు చెబితే డిపో తలుపు తెరవరు అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పిల్లకి బాలేనప్పుడు ఆ లెక్క అయిపోయిందా, ఇంకా లేదా?" అని అడిగింది.

అయిపోయింది. అచ్చయి అప్పటికి ఏడు నెలలు.

వచ్చే గ్రామసభలో పెట్టడానికి ఒక తీర్మానం రాశాం. అందులో డిపో ద్వారా కుటుంబానికి రేషన్, ఇంట్లో అందరి బరువు కొలత, టీబీ రిజిస్టర్‌లో ఇంటివాళ్ల పరిస్థితి ఆర్నెల్లకొకసారి రాసే గడి, ఫోటోలు తీయకూడదన్న మాట ఉన్నాయి. మీ ఊరికి కావాలంటే కామెంట్‌లో అడగండి, పంపిస్తా. ఊరి పేరు మార్చుకుంటే చాలు. పాత పోస్టర్ మీ ఫోన్లో ఉంటే తీసేయండి, ఎవరికి పంపారో వాళ్లకి కూడా చెప్పండి. కొత్తది రేపు పెడతా. దాంట్లో శాతాలు కూడా చివర్లోనే ఉంటాయి. పైన రెండే వరసలు: తిండి ఇవ్వని ఇళ్లలో 4,724 మందిలో 122. ఇచ్చిన ఇళ్లలో 5,621 మందిలో 96.